రువాహా, న్యెరెరే, కటావి: ఏ అడవికి వెళ్ళాలో ముందు నదిని అడగండి

నేను టాంజానియాలోని దారెస్సలాం నగరంలో పనిచేసిన రోజుల్లో ఊరి నుంచి వచ్చిన చుట్టాలందరూ ఒకే ప్రశ్న అడిగేవాళ్ళు: "సింహం కనిపిస్తుందా?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: "ఏ నెలలో వస్తున్నారు?" ఆ మాటకి జవాబు వస్తే ఏ పార్కుకి పంపాలో సగం తేలిపోయేది.

ముందే ఒక మాట. మీకు కావలసింది విల్డెబీస్ట్ అనే పెద్ద జింకలు లక్షల కొద్దీ నదులు దాటే దృశ్యమైతే, ఇది మీకు పనికొచ్చే వ్యాసం కాదు. టాంజానియాలో దానికి ఉత్తరాన ఉన్న సెరెంగెటీ పార్కుకే వెళ్ళాలి, వెళ్ళండి. కాకపోతే అక్కడ సీజన్‌లో ఒక్క సింహం చుట్టూ పది పదిహేను జీపులు చేరతాయి. అలా కాకుండా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇంకో బండి కనబడని అడవి కావాలనుకునేవాళ్ళకి టాంజానియా దక్షిణాన, పడమరన ఉన్న మూడు పార్కుల్లో ఏది నప్పుతుందో చెప్పడమే నా ఉద్దేశం.

జంతువుల జాబితా ముందు పెట్టుకుని చూస్తే ఈ మూడూ ఒకలాగే కనిపిస్తాయి. మూడింట్లోనూ ఏనుగులు, సింహాలు, హిప్పోలు, మొసళ్ళు, అడవి దున్నలు ఉన్నాయి. తేడా అంతా నీటిలో ఉంది. న్యెరెరేలో రుఫిజి నది ఏడాది పొడుగునా పారుతుంది. రువాహాలో గ్రేట్ రువాహా నది అక్కడి పొడి కాలం చివరికి ఇసుక తేలిపోతుంది. కటావిలో కటుమా నది బురదగుంటలుగా మిగులుతుంది. మీరు ఏం చూస్తారు, బండిలో తిరుగుతారా పడవలో తిరుగుతారా, ఏ నెలలో దారి మూసుకుపోతుంది, అన్నిటికీ మూలం అక్కడే.

సెలవులతో వచ్చే చిక్కు

దక్షిణ టాంజానియాలో వర్షాలు నవంబరు, డిసెంబరులో మొదలై ఏప్రిల్ దాకా, ఒక్కోసారి మే దాకా పడతాయి. జూన్ నుంచి అక్టోబరు వరకు పొడి కాలం. మన పిల్లలకి వేసవి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి. అంటే మనకి బాగా వీలు కుదిరే రోజులే అక్కడ అన్నిటికంటే పనికిరాని రోజులు. ఆ నెలల్లో చాలా క్యాంపులు మూసేస్తారు. న్యెరెరే, కటావి మైదానాల్లో ఉన్నది నల్లరేగడి నేల. తడిసిన రేగడిలో బండి దిగబడితే ఏమవుతుందో మనవాళ్ళకి వేరే చెప్పాలా? ఫోర్ బై ఫోర్ అయినా అంతే.

"మే నెలలో సగం రేటుకే ఇస్తాం" అని ఎవరైనా అంటే తొందరపడి ఒప్పుకోకండి. నేను ఒకసారి ఒప్పుకున్నాను. రెండు రోజులు గుడారంలో కూర్చుని వాన చప్పుడు వింటూ ఖరీదైన కాఫీ తాగాను. చూసిన జంతువులు ఒక గోధుమరంగు కప్ప, కొన్ని ఇంపాలా జింకలు.

మనకి బాగా కుదిరేది దసరా. సెప్టెంబరు చివర, అక్టోబరులో నీళ్ళు అడుగంటి జంతువులన్నీ మిగిలిన కాసిన్ని నీళ్ళ దగ్గరికి చేరతాయి. గడ్డి ఎండి పొట్టిబడుతుంది కాబట్టి కళ్ళకి అడ్డం ఉండదు. ఎండ మాత్రం మండుతుంది, అయినా రెంటచింతల ఎండ చూసినవాళ్ళకి అదేమంత లెక్క కాదు. దీపావళికి వెళ్ళాలంటే మొదటి వానలు పడే ప్రమాదం కొంచెం ఉంది. సంక్రాంతికి వెళ్తే అడవి పచ్చగా, పక్షులతో కళకళలాడుతుంది కానీ జంతువులు చెల్లాచెదురై పోతాయి. పిట్టల పిచ్చి ఉన్నవాళ్ళకి అదే మంచి సమయం. రువాహాలో ఐదు వందలకి పైగా పక్షిజాతులు నమోదయ్యాయి.

న్యెరెరే: నీళ్ళ మీద సఫారీ

ఇది సెలూస్ గేమ్ రిజర్వ్‌లో ఉత్తర భాగం. 2019లో దాన్ని విడదీసి, తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరెరే పేరుతో నేషనల్ పార్క్ చేశారు. విస్తీర్ణం దాదాపు 30,900 చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి జిల్లాల్లో చాలావాటిని రెండేసి కలిపినా దీనిలో పట్టేస్తాయి. అయితే సందర్శకులు తిరిగేది ఎక్కువగా రుఫిజి నదీ, దాని పక్కనున్న సరస్సులూ ఉన్న తూర్పు భాగంలోనే.

ఇక్కడి ప్రత్యేకత పడవ. సాయంత్రం నాలుగింటికి పడవెక్కితే హిప్పోల గుంపుల పక్కనుంచి, ఇసుక తిన్నెల మీద నోరు తెరుచుకు పడుకున్న మొసళ్ళ పక్కనుంచి మెల్లగా తీసుకెళ్తారు. ఒడ్డున తాటిచెట్లు. మన తాటికి దగ్గరి చుట్టమే, నడుము దగ్గర కాస్త లావుగా ఉంటుంది. సరస్సుల్లో మొవ్వు పోయి మోళ్ళుగా నిలబడ్డ తాటిచెట్ల మీద గద్దలు గూళ్ళు కట్టుకుంటాయి. గోదావరి లంకల్లో పెరిగిన మా బాబాయి అది చూసి, "ఇంత దూరం వచ్చి మన ఊరే చూస్తున్నానేంట్రా" అన్నాడు. అప్పుడే ఒక ఏనుగు నీళ్ళు తాగడానికి దిగింది, ఆయన ఆ మాట వెనక్కి తీసుకున్నాడు.

దగ్గరగా ఉండటం దీనికి పెద్ద లాభం. దారెస్సలాం నుంచి చిన్న విమానంలో ముప్పావుగంట, రోడ్డు మీద ఐదారు గంటలు. మ్తెమెరే గేటు బయట మ్లోకా ఊరి దగ్గర, నది ఒడ్డునే, తక్కువ ఖర్చు క్యాంపులు చాలా ఉన్నాయి. ఈ దగ్గరతనమే దీని లోపం కూడా. జాంజిబార్ దీవి బీచ్‌కి వచ్చినవాళ్ళు ఒక్క రోజు సఫారీ కోసం పొద్దున విమానంలో దిగి సాయంత్రం వెళ్ళిపోతుంటారు. తూర్పు వైపు "మారుమూల" అన్న మాట మునుపటిలా లేదు.

దాచకూడని సంగతులు రెండున్నాయి. 2009లో సెలూస్ ప్రాంతంలో 39,000 దాకా ఉన్న ఏనుగులు దంతాల వేట వల్ల 2013 నాటికి 13,000కి పడిపోయాయి. 2014లో యునెస్కో దీన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. రెండోది ఆనకట్ట. స్టీగ్లర్స్ గార్జ్ దగ్గర రుఫిజి మీద 2,115 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం కట్టారు. మన శ్రీశైలం రెండు గట్ల కేంద్రాలూ కలిపితే 1,670 మెగావాట్లు, అంతకంటే పెద్దది. 2022 డిసెంబరులో నీళ్ళు నింపడం మొదలుపెట్టారు. కింద పార్కులో ఉన్న సరస్సులు నది పొంగితే నిండేవి. ఇప్పుడు ఆ పొంగు ఆనకట్ట తలుపుల చేతిలో ఉంది. అందుకని పాత ఫొటోలు చూసి క్యాంపు ఎంచుకోవద్దు. "ఈ ఏడాది మీ ముందున్న సరస్సులో నీళ్ళున్నాయా, పడవ నడుస్తోందా" అని నేరుగా అడగండి.

జిరాఫీల గురించి ఒక చిన్న వింత: రుఫిజికి ఉత్తరాన ఎక్కడ చూసినా జిరాఫీలే, నది దాటి దక్షిణానికి వెళ్తే ఒక్కటీ ఉండదు.

రువాహా: నా ఓటు దీనికే

మూడింటిలో ఒక్కటే చూడగలిగితే రువాహా చూడండి అంటాను. 2008లో ఉసాంగు రిజర్వ్‌ని కలిపాక విస్తీర్ణం 20,000 చదరపు కిలోమీటర్లు దాటింది. ఎర్రమట్టి, రాతి గుట్టలు, వాటి మధ్య బాబాబ్ చెట్లు. గోల్కొండ నయా ఖిల్లాలో హాతియాన్ కా ఝాడ్ అనే బ్రహ్మాండమైన చెట్టు ఉంది కదా, అదే జాతి. మనం ఒక్కదాన్ని కంచె కట్టి కాపాడుకుంటున్నాం, అక్కడ కొండవాలు నిండా అవే. ఏనుగులు వాటి బెరడు చీల్చి, లోపలి తడి నార నమిలేసి పోతాయి. అందుకే చాలా చెట్ల మొదళ్ళ దగ్గర పెద్ద గాట్లు కనిపిస్తాయి.

తూర్పు ఆఫ్రికా జంతువులూ దక్షిణ ఆఫ్రికా జంతువులూ కలిసే చోటు ఇది. మెలికలు తిరిగిన కొమ్ముల గ్రేటర్ కూడూ జింక, దాని చిన్న తమ్ముడు లెసర్ కూడూ ఒకే పార్కులో కనిపించడం అరుదు. సింహాలు పెద్ద పెద్ద గుంపులుగా ఉండి అడవి దున్నల్ని, ఒక్కోసారి జిరాఫీలనీ పడగొడతాయి. ఆఫ్రికా వేటకుక్కలు ఇక్కడా న్యెరెరేలోనూ ఉన్నాయి. మన నల్లమల రేసుకుక్కల లాగే ఇవీ గుంపు వేటగాళ్ళే. కానీ ఇవి రోజుకి ఎంతో దూరం తిరుగుతాయి కాబట్టి, కనిపిస్తాయని ఏ గైడూ మాటివ్వడు. ఇస్తే నమ్మకండి.

ఇక నది. పేరు గ్రేట్ రువాహా, కానీ 1993 నుంచి దాదాపు ఏటా పొడి కాలం చివర్లో పార్కులో దీని ప్రవాహం ఆగిపోతోంది. ఎగువన ఉసాంగు మైదానంలో వరి సాగు పెరిగింది, పశువుల మేతతో చిత్తడి నేలలు దెబ్బతిన్నాయి. చివరి భూములకి నీళ్ళందని కృష్ణా ఆయకట్టు రైతులకి ఈ కథ కొత్తేమీ కాదు. నది ఆగాక ఏనుగులు ఇసుకలో కాళ్ళతో, తొండంతో చెలమలు తవ్వుకుంటాయి. మన ఏటి ఒడ్డు ఊళ్ళలో బిందె పట్టుకెళ్ళి చెలమ తోడుకున్నట్టే. పెద్ద ఏనుగు తాగి పక్కకి జరిగేదాకా ఇంపాలాలు, బబూన్లు వరసలో ఆగుతాయి. ఆ వరసని చూస్తూ ఎక్కడో పొద మాటున సింహం పడుకుని ఉంటుంది. నేను ఈ నదిలో ఒకే చెలమ దగ్గర మూడు గంటలు కూర్చున్నాను, విసుగు పుట్టలేదు. కానీ చూసే కొద్దీ ఇది మనుషులు చేసిన కరువు అన్న సంగతి మనసులో మెదులుతూనే ఉంటుంది. ఈ రువాహా నీళ్ళే తర్వాత మ్తెరా, కిడాటు ఆనకట్టల మీదుగా వెళ్ళి రుఫిజిలో కలుస్తాయి.

వెళ్ళడం ఎలా? విమానమైతే దారెస్సలాం నుంచి మధ్యలో ఎన్నిచోట్ల దిగుతుందన్న దాన్నిబట్టి గంటన్నర నుంచి రెండున్నర గంటలు. రోడ్డయితే ఇరింగా దాకా 500 కిలోమీటర్లు, అక్కడి నుంచి గేటుకి ఇంకో 100 పైచిలుకు. ఒక్కరోజులో చేయాలని పట్టుబట్టకండి. ఈ హైవే మికుమి నేషనల్ పార్క్ మధ్యలోంచే పోతుంది. మొదటి రాత్రి మికుమిలోనో ఇరింగాలోనో ఆగండి. 2024 నుంచి దారెస్సలాంకీ, ఈ దారిలోనే ఉన్న మొరొగోరోకీ మధ్య కొత్త ఎలక్ట్రిక్ రైలు నడుస్తోంది, రెండు గంటల లోపే దింపేస్తుంది. జీపుని ముందే మొరొగోరోకి రమ్మంటే దారెస్సలాం ట్రాఫిక్ తప్పుతుంది.

ఉండటానికి పార్కు లోపల ఖరీదైన క్యాంపులతో పాటు పార్కుల్ని నడిపే ప్రభుత్వ సంస్థ టనాపా వాళ్ళ బండాలు మ్సెంబేలో ఉన్నాయి. బండా అంటే చిన్న గది, అంతే. వంట సామాన్లు మనమే పట్టుకెళ్ళాలి. గేటు బయట తుంగమలెంగా ఊళ్ళో మధ్యరకం లాడ్జీలున్నాయి. పొద్దున్నే ఆరింటికి సింహం దగ్గర ఉండాలంటే లోపలే ఉండాలి. బయట ఉంటే గేటు, రసీదు, దారి అంటూ మంచి గంట పోతుంది.

కటావి: అందరికీ కాదు

దేశం పడమటి కొసన, 4,471 చదరపు కిలోమీటర్లు. మొదటి రెండింటితో పోలిస్తే చిన్నదే. కానీ మూడింటిలో నిజంగా మారుమూల అంటే ఇదే. ఏడాదికి ఇక్కడికి వచ్చే జనం సెరెంగెటీకి కొద్ది రోజుల్లో వచ్చేవాళ్ళతో సమానం.

సెప్టెంబరు, అక్టోబరులో కటుమా నది కుంచించుకుపోతుంది. అప్పుడు వందల హిప్పోలు ఒక్క బురదగుంటలో ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. మగవాటి కొట్లాటలు, రక్తాలు, ఆ కంపు! ఫొటోలో కంపు రాదు కాబట్టి ముందే చెబుతున్నాను. మొసళ్ళు గట్టులో తొలుచుకున్న బొరియల్లో దూరి చల్లబడతాయి. మైదానంలో వెయ్యికి పైబడ్డ దున్నల మందలు, వాటి వెనకే సింహాలు. అందంగా ఉంటుందని అనను. తక్కువ నీటికి ఎక్కువ ప్రాణాలు పోటీ పడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

కటావి సరస్సు ఒడ్డున ఒక చింతచెట్టు ఉంది. కటాబి అనే పాతకాలపు వేటగాడి ఆత్మ దానిలో ఉంటుందని స్థానికుల నమ్మకం, పార్కుకి ఆ పేరు ఆయన నుంచే వచ్చింది. ఇప్పటికీ చెట్టు మొదట్లో నైవేద్యాలు పెడతారు. చింతచెట్టు మీద దయ్యాల కథలు వింటూ పెరిగినవాళ్ళం కదా, నాకు మాత్రం అక్కడ కాసేపు ఇంటి దగ్గరున్నట్టే అనిపించింది.

కష్టాలు కూడా వినండి. రోడ్డు మీద దారెస్సలాం నుంచి మ్పాండా పట్టణం దాకా రెండు రోజులు. సఫారీ విమానాలు సీజన్‌లో మామూలుగా వారానికి రెండుసార్లే, మూడు గంటల పైనే ప్రయాణం. అందుకే అక్కడ మీరు మూడు రాత్రులో నాలుగు రాత్రులో ఉండి తీరాలి, "రెండు చాలు" అనడానికి కుదరదు. ఆ విమానాలే టాంగన్యీకా సరస్సు ఒడ్డున చింపాంజీలుండే మహాలేకి కూడా వెళ్తాయి కాబట్టి డబ్బున్నవాళ్ళు రెండూ కలిపి చూస్తారు. పార్కు లోపల క్యాంపులు చాలా తక్కువ, ధర మూడింటిలోకీ ఎక్కువ. తక్కువలో కావాలంటే పార్కు ఆఫీసున్న సితాలికే ఊళ్ళో దిగి, జీపు మాట్లాడుకోవాలి. ఆ ఊరి పక్కనే హిప్పోల మడుగు ఉంది.

ఇక త్సెత్సె ఈగలు. మన జోరీగకి పెద్దన్న అనుకోండి, చొక్కా మీంచి కూడా కుడుతుంది. మూడు పార్కుల్లోనూ ఉన్నా, కటావి చెట్ల అడవిలో వీటి బెడద మరీ ఎక్కువ. నీలం, నలుపు రంగులంటే వాటికి ప్రాణం. జీన్స్ ఇంట్లో వదిలేయండి. ఖాకీ, లేత గోధుమరంగు బట్టలు వేసుకోండి. అరుదుగానే అయినా నిద్రజబ్బు తెచ్చే ఈగ ఇదే. తిరిగొచ్చాక జ్వరం వస్తే ఫలానా చోటికి వెళ్ళొచ్చామని డాక్టరుకి మొదటి మాటగా చెప్పాలి. మలేరియాకి కూడా ఇదే జాగ్రత్త. మాత్రలు వెళ్ళే ముందే మొదలుపెట్టాలి.

విమానమా, జీపా

చిన్న విమానంలో వెళ్ళి క్యాంపులో దిగితే భోజనం, తిప్పడం, గైడు అన్నీ వాళ్ళవే. ఖర్చు మనిషికి, రాత్రికి వందల డాలర్లలో ఉంటుంది. జీపయితే ఖర్చు బండికి, రోజుకి లెక్క. అందువల్ల ఇద్దరే ఉంటే రెండింటి మధ్య తేడా అనుకున్నంత ఉండదు. నలుగురైదుగురు ఉంటే జీపు బాగా కలిసొస్తుంది. కానీ ఇరింగా దాకా వెళ్ళి రావడానికే మూడు నాలుగు రోజుల సెలవు ఖర్చవుతుందని మర్చిపోవద్దు. అమెరికా నుంచో హైదరాబాద్ నుంచో వారం సెలవు పెట్టి వచ్చేవాళ్ళకి విమానమే నయం.

విమానంలో సామాను మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి సంచుల్లో. చక్రాల సూట్‌కేసు ఎక్కించరు. ఈ విమానాలు పగటిపూటే ఎగురుతాయి కాబట్టి మధ్యాహ్నం తర్వాత దారెస్సలాంలో దిగితే ఆ రాత్రి అక్కడే. పార్కు ఫీజు గేటు దగ్గర నగదుగా తీసుకోరు, కార్డు ఉండాలి. రేట్లు టనాపా మారుస్తూ ఉంటుంది, వాటి మీద పన్ను కూడా ఉంటుంది. కొటేషన్‌లో "ఫీజులు కలిపి" అని రాసి ఉందో లేదో చూడండి, చాలామంది మోసపోయేది అక్కడే.

ముంబై నుంచి ఎయిర్ టాంజానియా నేరుగా దారెస్సలాంకి వెళ్తుంది. అడిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో టికెట్ తీసుకుంటే యెల్లో ఫీవర్ టీకా సంగతి చూసుకోండి. ఇథియోపియా, కెన్యా రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. సర్టిఫికెట్ లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే టెన్షన్. టీకా వేసుకున్న పది రోజులకి గాని సర్టిఫికెట్ చెల్లదు, హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు.

శాకాహారులకి భయమేం లేదు, కానీ బుకింగ్ రోజే రాతపూర్వకంగా చెప్పాలి. కటావి లాంటి చోటికి కూరగాయలు ఎక్కడి నుంచో లారీలో వస్తాయి. దిగాక చెబితే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు "సిలి న్యామా" అన్న స్వాహిలి మాట నేర్చుకోండి, మాంసం తినను అని అర్థం. అన్నం, చిక్కుడు గింజల కూర, మ్చిచా అనే తోటకూర ఏ చిన్న హోటల్లోనైనా దొరుకుతాయి. ఉగాలి అంటే మొక్కజొన్న సంకటి. పచ్చడి పట్టుకెళ్ళండి, కానీ క్యారీబ్యాగులో చుట్టి కాదు. 2019 జూన్ నుంచి ఆ దేశంలో ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం.

ఎవరికి ఏది

అమ్మానాన్నలతో వెళ్తుంటే న్యెరెరే. కుదుపులు తక్కువ, పడవలో కూర్చుంటే చాలు, దారెస్సలాం ఆసుపత్రులు కూడా దగ్గర. చిన్నపిల్లలుంటే కూడా ఇదే. అయితే క్యాంపులో పిల్లల కనీస వయసు ఎంతో అడగండి. గన్ను పట్టుకున్న రేంజరు వెంట నడిచే వాకింగ్ సఫారీకి చిన్నపిల్లల్ని రానివ్వరు. ఆఫ్రికా మొదటిసారైనా, పదోసారైనా, చూడటానికి ఓపికున్నవాళ్ళకి రువాహా, కనీసం నాలుగు రాత్రులు. ఇదివరకు రెండు మూడు సఫారీలు చేసి, కంపుకీ ఈగలకీ వెరవని, ఖర్చుకి వెనకాడనివాళ్ళకి కటావి. మొదటి సఫారీకే కటావి వెళ్తానంటే నేను వద్దనే అంటాను. అక్కడ చూసేది ఎంత అరుదైనదో పోల్చుకోవడానికి మీ దగ్గర ఇంకేమీ ఉండదు.

ఏది ఎంచుకున్నా అడ్వాన్సు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. నేను వచ్చే వారంలో మీ క్యాంపు ముందు నీళ్ళు ఏ స్థితిలో ఉంటాయి? ఎవరికైనా బాగా జబ్బు చేస్తే విమానంలో తరలించే ఏర్పాటు, దాని ఇన్సూరెన్సు ధరలో కలిసే ఉన్నాయా? జీపులో మేమే ఉంటామా, వేరేవాళ్ళు కూడా ఎక్కుతారా? ఈ మూడో ప్రశ్న చిన్నదనిపిస్తుంది. నేను అడగలేదు. చెలమ దగ్గర ఇంకో అరగంట ఆగుదామని నేనూ, టిఫిన్‌కి వెళ్దామని మిగతా నలుగురూ. నలుగురి మాటే నెగ్గింది.